మధ్యాహ్నం ఆకు వాలితే వెంటనే నీళ్లు పెట్టాలా?

మన బుచ్చయ్యపేట, చోడవరం వైపు ఎండాకాలంలో బీర, ఆనప పాదుల ఆకులు మధ్యాహ్నానికి వాలిపోతాయి. కంగారుపడి నీళ్లు పెట్టేయకండి.

ఆకులో ప్రతి కణం నీళ్లు నిండిన బుడగ లాంటిది. లోపలి నీరు కణం గోడను నెట్టడం వల్లే ఆకు బిగువుగా నిలబడుతుంది. వేరు తెచ్చేదానికన్నా ఎండకి ఆవిరయ్యేది ఎక్కువైతే ఆ ఒత్తిడి తగ్గి ఆకు వాలుతుంది.

సాయంత్రానికి లేచిందా, భయం లేదు. తెల్లారి కూడా వాలే ఉంటే వేరు దగ్గర మట్టి తవ్వి చూడండి. పొడిగా ఉంటే తడి ఇవ్వండి. బురదగా ఉంటే వేరుకి గాలి అందక నీరు లాగట్లేదని అర్థం, నీళ్లు ఆపండి. పదునుగానే ఉంటే ఎండు తెగులేమో, వేరు పరీక్షించండి.

వేరుకి తేమ, గాలి రెండూ కావాలి. సుభాష్ పాలేకర్ గారు చెప్పే వాప్స ఇదే. పాదుల్లో ఎండుగడ్డి ఆచ్ఛాదన వేస్తే తేమ నిలుస్తుంది.