సినడు తీర్మానములును, మన గ్రామసంఘమును

ప్రశ్న: మాది ఏలూరు సమీపమునందలి సి.ఎస్.ఐ. సంఘము. చెన్నపట్టణమునందలి సినడు నిర్ణయములలో మా మాటకు తావున్నదా? మా గుడిస్థలమును కొందరు అమ్మజూచుచున్నారు, ఆపగలమా? – ఒక సంఘసభ్యుడు

జవాబు: ఆర్యా, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఐక్యసంఘ మేర్పడిన నాటినుండియు దాని ఏ అధ్యక్షఖండమును (డయోసిసును) సినడునకు వెలియైనది గాదు, నోరులేనిదియు గాదు. మూలనిబంధనలను మార్చవలెనన్న సినడు ఓట్లు మాత్రమే చాలవు. అధ్యక్షఖండముల మహాసభలలో మూడింట రెండువంతులు సమ్మతింపవలెను. బిషప్పు నియామకమున మహాసభ పేర్లను సూచించును, తుది ఎంపిక సినడుది. కావున మీ కృష్ణా-గోదావరి అధ్యక్షఖండ మహాసభకు మీ పాస్టరేటునుండి వెళ్లు ప్రతినిధిని ముందుగానే కలిసికొని, చర్చకు రానున్న విషయములను సంఘమునకు చదివి వినిపింపుమని కోరుడు; ఈ ఒక్క అలవాటు లేకపోవుటయే మన గ్రామములలో సగము అపోహలకు మూలమని నా దృఢవిశ్వాసము.

స్థలమన్ననో, సంఘాస్తులు సాధారణముగా సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ పేర నుండును. అట్లున్నచో స్థానిక కమిటీ తనంతట అమ్మజాలదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఈ.సి.యు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), దస్తావేజు నకలును తీసికొని, వానిని జతపరచి గురువుగారికిని, విజయవాడ అధ్యక్షఖండ కార్యాలయమునకును లిఖితపూర్వకముగా అభ్యంతరము తెలిపి, రసీదు భద్రపరచుకొనుడు.

బయానా ముట్టినను, విక్రయపత్రము వ్రాయబడుచున్నదని తెలిసినను జాబులతో కాలహరణము చేయక, ఆ కాగితములతో నాడే ఏలూరు న్యాయవాదిని స్వయముగా దర్శింపుడు.