పేటలో ఐదు రోజుల వీబీఎస్ ఎలా నడపాలి?

వేసవి సెలవులు రాగానే పట్నం సంఘాల యువత పల్లెలకు, బస్తీలకు వెళ్లి వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) నడపడం మన దగ్గర మామూలే. 1901లో రాబర్ట్ బోవిల్ న్యూయార్క్‌లో పేదపిల్లల కోసం సెలవుల బైబిలు బడులు మొదలుపెట్టాక ఇది ఉద్యమంలా పాకింది. మొదటిసారి వెళ్లేవాళ్లం ఒక సంగతి మనసులో పెట్టుకుందాం. మనం ఐదు రోజులుండి వచ్చేస్తాం. ఏడాదంతా ఆ పిల్లల్ని చూసుకునేది అక్కడి పాస్టరు గారు, సండేస్కూలు టీచరు. మనం వెళ్లేది వాళ్లకు సాయానికే.

కావలసినవి

- పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు
- పేర్ల రిజిస్టరు, అందులో తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు
- చార్టులు, క్రేయాన్లు, మొన లేని కత్తెరలు
- తాగునీళ్ల క్యాన్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్రథమ చికిత్స పెట్టె
- కరెంటు పోయినా పాట ఆగకుండా ఒక డోలక్

చేసే విధానం

1. నెల ముందే పాస్టరు గారిని అడుగుదాం. ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్లు, ఏ వేళ కుదురుతుందో ఆయనే చెప్పాలి. మన జట్టులో విదేశీయులు ఉంటే వాళ్లకు పర్యాటక వీసా చాలదు, మిషనరీ వీసా కావాలి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

2. టీచరుతో కలిసి ఇంటింటికీ వెళ్దాం. బైబిలు కథలు చెబుతామని ముందే చెప్పి, తల్లిదండ్రుల అనుమతి తీసుకుందాం. వద్దన్నవాళ్లను బలవంతపెట్టవద్దు.

3. ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పదిన్నరకు ముగిద్దాం. అమ్మ ఉపాధి పనికి వెళ్తే అక్క చంకన తమ్ముణ్ని వేసుకుని వస్తుంది. ఆ పసివాళ్ల కోసం ఒక మూల చాప పరిచి, ఒకరిని కూర్చోబెడదాం.

4. పాట, కథ, చేతిపని, ఆట: ఈ వరుస తప్పవద్దు. యాక్షన్ సాంగ్‌తో అలసిన పిల్లలు కథకు కుదురుగా కూర్చుంటారు. ఆట ముందు పెడితే ఇక కూర్చోరు.

5. కథ పదిహేను నిమిషాలు దాటవద్దు. మొదటి రోజుకు ఐదు రొట్టెలు, రెండు చేపల కథ బాగుంటుంది. అందులో తన తిండి ఇచ్చింది ఒక చిన్నవాడు. అతని గురించే ఎక్కువ చెబుదాం. లేనివాళ్లమని విని విని ఉన్న పిల్లలకు, మేమూ ఇవ్వగలం అనే ధైర్యం రావాలి.

6. చేతిపనికి కాగితపు చేపల్ని ముందురోజు రాత్రే కత్తిరించి పెట్టుకుందాం. చిన్నవాళ్లు రంగులు వేస్తే చాలు.

7. బిస్కెట్లు వరుసగా కూర్చోబెట్టి పంచుదాం. ఒక్కోసారి ఓ పాప రెండు తిని మిగతావి చున్నీ కొంగులో మూట కట్టుకుంటుంది. ఇంట్లో తమ్ముడికి. ఏమీ అనకండి, చూడనట్టే ఉండండి.

8. ఎవరు ఎవరితో ఇంటికి వెళ్లారో రిజిస్టరులో రాద్దాం. చివరి రోజు చార్టులు, మిగిలిన రంగులు టీచరు చేతికి అప్పగిద్దాం.

తరచూ జరిగే పొరపాట్లు

- వ్యాన్ దగ్గర నిలబడి కానుకలు పంచడం. తోపులాటలో చిన్నవాళ్లు పడిపోతారు. ఇవ్వాలనుకుంటే చివర్లో, అందరికీ ఒకేలా, టీచరు చేత ఇప్పిద్దాం.
- పిల్లల ఫోటోలు వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టడం. తల్లిదండ్రులు ఒప్పుకోనిదే వద్దు. పేరు, ఊరు అసలే వద్దు.
- "ఫీజు మేం కడతాం", "మళ్లీ నెలకు వస్తాం" అనడం. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటారు. చేయగలిగిందే చెబుదాం.
- ఏ బిడ్డతోనైనా ఒంటరిగా గదిలో ఉండటం. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.
- ఎవరో తనను వేధిస్తున్నారని బిడ్డ చెబితే, ఎవరికీ చెప్పనని మాటివ్వడం. ఓపిగ్గా వినండి, గుచ్చి గుచ్చి అడగవద్దు. వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి. లైంగిక వేధింపుల సంగతి తెలిసీ చెప్పకపోతే 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం.

ఇంటికి వచ్చాక ఆ టీచరుకు నెలకోసారైనా ఫోన్ చేయండి. రంగులు అయిపోయాయా, కొత్త కథ కావాలా అని అడగండి. వచ్చే వేసవికి మీరు వెళ్లినా వెళ్లకపోయినా, ఆమె ఆదివారం తరగతి ఆగకుండా చూడటమే మీరు ఆ పిల్లలకు చేయగల అసలు సేవ.