హోదా మెదడును మలిచే తీరు

ఫెరార్గంజ్, దక్షిణ అండమాన్.



జంతు ప్రవర్తనను చదవబూనిన విద్యార్థి ముందుగా గ్రహించవలసింది, గుంపులో ఒక జీవికి దక్కే స్థానం దాని నడవడినే కాక మెదడును కూడా మార్చగలదని. పెరట్లో గింజలు చల్లినప్పుడు ఒక పెట్ట నేరుగా మేత మధ్యకు వస్తే, మరొకటి మెడ ముడుచుకొని అంచునే తచ్చాడుతూ, మొదటిది తల ఎత్తగానే పక్కకు తప్పుకుంటుంది. ఏది దేనిని పొడవవచ్చునో తేల్చే ఈ వరుసను నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్-ఎబ్బె 1920ల తొలినాళ్లలో వివరించాడు. దీనినే పొడుపు క్రమం అంటారు. ఇది కుదిరాక పోట్లాటలు తగ్గుతాయి. కొత్త కోడి చేరితే మళ్లీ రేగుతాయి.

ఇంతకంటే లోతైన ఉదాహరణ అండమాన్ పగడపు దిబ్బల్లో ఉంది. నారింజ రంగు ఒంటిపై తెల్లని పట్టీలున్న ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్ అనే క్లౌన్ చేపలు, సీ అనిమోన్ అనే మెత్తని సముద్రజీవి చురుక్కుమనిపించే స్పర్శకాల నడుమ చిన్న గుంపులుగా బతుకుతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తరువాతిది జతకట్టే మగది, మిగిలినవి ఇంకా సంతానోత్పత్తికి దిగని చిన్నవి. ఆడచేప చనిపోతే మగచేపే క్రమంగా ఆడచేపగా మారుతుంది, చిన్నవాటిలో పెద్దది ఆ మగచేప స్థానానికి ఎదుగుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ మార్పులో మెదడుదే ముందడుగు. సంతానోత్పత్తి హార్మోన్లను నడిపించే ప్రీఆప్టిక్ ప్రాంతంలోని నాడీకణాల సంఖ్య, బీజకోశాలు మారకముందే ఆడచేపల స్థాయికి చేరుతుంది.

ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సుకు చెందిన ఒక సిక్లిడ్ చేపపై రసెల్ ఫెర్నాల్డ్ బృందం జరిపిన పరిశోధనలూ ఇదే దారి చూపాయి. తావు దొరకని మగచేపలు వెలిసిన రంగుతో ఆడచేపల మధ్య ఒదిగి తిరుగుతాయి. పెత్తనం చేసే చేపను తొలగిస్తే వాటిలో ఒకటి నిమిషాల్లోనే రంగు తెచ్చుకొని తావును కాయసాగుతుంది. ఆపై దాని మెదడులో సంతానోత్పత్తిని ప్రేరేపించే హార్మోనును స్రవించే నాడీకణాలు పరిమాణంలో పెరుగుతాయి, హోదా పోతే అవే కుంచించుకుపోతాయి.

కాబట్టి హోదాను పుట్టుకతో వచ్చిన గుణంగా భావించడం శాస్త్రసమ్మతం కాదు. చేపలకు వర్తించినదంతా మనుషులకు యథాతథంగా అంటగట్టడమూ తగదు. ఒక జంతువును పిరికిదని రాసుకునే ముందు, గుంపులో దాని స్థానం ఏమిటో, ఆ స్థానం మారితే అది ఎలా మసలుకుంటుందో విద్యార్థి ఓపికగా పరిశీలించాలి.