విసురురాయికి ఇద్దరు కావాలి

నాకిప్పుడు అరవై దాటాయి. జొన్నగిరికి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు. గాలివానకు కరెంటు పోయిన రాత్రులు లెక్కలేనన్ని చూశాను గానీ, 2009 అక్టోబరులో వారం రోజులు పోయినప్పుడు నేర్చుకున్నవి ఇవి.

1. దేవుణ్ణి వాన అడిగేటప్పుడు ఎంత కావాలో కూడా చెప్పుకోవాలి.

ఆ ఏడు జులై ఎండింది, ఆగస్టు ఎండింది. బుడ్డలు, అదే వేరుశనగ, ఊడలు దిగే వేళకు చినుకు లేదు. గుడిలో విరాటపర్వం చదివించారు. పిల్లోళ్లు రోకలికి కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే బిందెలతో నీళ్లు పోశాం. సెప్టెంబరు 28న దసరా అయింది. పటాల వెనక పెట్టిన జమ్మి ఆకు ఇంకా వాడలేదు, బుధవారం రాత్రి మొదలైంది వాన. మొదట అందరూ సంతోషించారు. గురువారం మధ్యాహ్నానికి తిట్టడం మొదలుపెట్టారు. మా అత్త ఒప్పుకోలేదు. "అడిగి పిలిపించుకున్న చుట్టాన్ని వాకిట్లో నిలబెట్టి తిడతారా?" అంది.

2. కరెంటు పోతే ముందు వెతకాల్సింది అగ్గిపెట్టె కాదు.

బోరు స్టార్టరు చూడాలి. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. అది ఏ రాత్రి ఏ వేళకొస్తుందో తెలీక ప్రతి బోరుకూ ఆటో స్టార్టరు బిగించుకున్నారు. తీగలు తెగి తడి చేలో పడి ఉన్నప్పుడు ఎక్కడో ఎవరో లైను కలిపితే ఏమవుతుంది? మా ఆయన కరెంటు పోయిన ఆ రాత్రే గోనెపట్ట కప్పుకుని పోయి ఫ్యూజులు పీకి వచ్చాడు. తెల్లారి చూస్తే వంక గట్టున రెండు స్తంభాలు పడి ఉన్నాయి. తీగ పడిన చోట గొడ్లు తొక్కకుండా ఒక మనిషిని కర్ర ఇచ్చి నిలబెట్టారు. వానలో నిలబడే పని ఎవరికీ నచ్చదు, అందుకే వంతులు వేసుకోవాలి.

ఆ బోరు గురించి ఇంకొక మాట. ఆ ఏడు ఉగాదికి ముందు అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. బోరున్న చేను మాకొచ్చింది, మెట్ట చేను మా మరిదికి పోయింది. ఆనాటి నుంచి మా తోడికోడలు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒకే మిద్దె, నడుమ గోడ, రెండు పొయ్యిలు, ఆరున్నర నెలలు. ఏ బోరు కోసం మాటలు పోయాయో ఆ బోరు కరెంటు లేకపోయేసరికి నేలలో పాతిన ఇనుప గొట్టం. ఇది ఆనాడే నాకు తట్టిందని చెప్పను. చాలా ఏళ్లు పట్టింది.

3. మిద్దె మీదికి చౌడు ఎండాకాలంలోనే తోలించుకోండి.

స్లాబు ఇళ్ల వాళ్లు దీన్ని వదిలేసి ముందుకు పోవచ్చు. మా వైపు మిద్దెకు ఏప్రిల్లోనే చౌడు మన్ను పరిపించాం, వాళ్ల వైపు పరిపించలేదు. గురువారం రాత్రి వాళ్ల వైపు కారడం మొదలై, తపేలాలూ బకెట్లూ చాలక, మా మరిది నడిమి తలుపు కొట్టాడు. ఆ తలుపుకు మా వైపొక గడియ, వాళ్ల వైపొక గడియ. మా అత్త లేచి తీసింది. నన్ను అడగలేదు. తెల్లారకముందే పక్కింటి సాయిబుల గోడ కూలింది, వాళ్లు నలుగురూ వచ్చారు. కారని చోటు రెండంకణాలు. అందులో పన్నెండుమందిమి.

సాయిబుల పెద్దాయన వేళకు లేచి గోనెసంచుల పక్క మూలలో నమాజు చేసుకునేవాడు. సాయంత్రం మా అత్త ఉరుకుంద ఈరన్న మీద భజన అందుకుంటే మోకాలి మీద తాళం వేసేవాడు. పీర్ల పండగకు మేమంతా గుండం చుట్టూ తిరిగే ఊళ్లు ఇవి. ఇందులో వింతేమీ లేదు.

4. ఫోనును పొదుపుగా వాడాలి, వార్తను అనుమానంగా వినాలి.

రేడియోలో శుక్రవారం నుంచి చెబుతున్నారు. తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికొచ్చాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 895 దాటాయి. ఊళ్లో దాన్ని డ్యాం తెగిందని చేశారు. మా మరిది కొడుకు కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతున్నాడు. ఇంటికంతా ఉన్నది ఒక ఫోను. ట్రాక్టరు బ్యాటరీకి తగిలించి ఎక్కించిన ఆ కాస్త చార్జింగును పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు వాడేవాళ్లం. పిల్లోని ఫోను కలవలేదు. మా తోడికోడలు ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది, పలకరించడానికి ఒక సాకు దొరికేది.

మంత్రాలయంలో మఠంలోకే నీళ్లొచ్చాయని కూడా రేడియోలోనే విన్నాం. మా మరిది కూతురు అప్పుడు నాలుగో తరగతి. "రాఘవేంద్రస్వామి మఠమే మునిగితే మనల్ని చూసేదెవరు?" అంది. 1671 నుంచి బృందావనంలో కూర్చున్న స్వామి, మా ఇళ్లలో గురువారం అంటేనే ఆయన. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. సాయిబుల పెద్దాయనే చెప్పాడు. "నీళ్లు స్వామి దగ్గరికి పోయినాయి గానీ, స్వామి యాడికీ పోలేదు గదమ్మా."

5. విసురురాయిని పారేయకండి.

పిండి మిషను కరెంటుతో నడిచేది. శనివారానికి జొన్నపిండి అడుగంటింది. మా అత్త కాపురానికొచ్చిన నాటి విసురురాయి దొడ్లో బోర్లా పడి ఉంది. దాని మీద నిలబడి కాళ్లు కడుక్కునేవాళ్లం. అన్నదమ్ములిద్దరూ మోసుకొచ్చి కడిగారు. కక్కు అరిగిపోయింది. పిడి పుచ్చిపోతే కొత్త కొయ్య చెక్కి దిగ్గొట్టారు.

నేను ఒక్కదాన్నే కూర్చున్నా. పావుగంటకు భుజం పడిపోయింది. మా అత్త ఎవరి వైపూ చూడకుండా, "అది ఒంటి మనిషి తిప్పేది కాదు, ఎదురు మనిషి గావాల" అంది. కాసేపటికి మా తోడికోడలు వచ్చి ఎదురుగా కాళ్లు చాపి కూర్చుంది. పిడి మీద నా చేయి, దాని పైన ఆమె చేయి. మాట లేదు. ఆ పని ఎట్లాంటిదంటే, ఆమె లాగేటప్పుడు నేను వదులు చేయాలి, నేను లాగేటప్పుడు ఆమె వదులు చేయాలి. ఇద్దరూ బిగబడితే రాయి కదలదు. రెండు వాయిలు అయ్యాక మొదటి మాట వచ్చింది.

"గింజ తక్కువ పొయ్యక్కా, పలుకు పడుతాంది."

"సరే" అన్నా.

భాగాల గొడవ తీర్చడానికి పెద్దమనుషులు అంతకుముందు రెండుసార్లు కూర్చున్నారు, రెండుసార్లూ టీ తాగి లేచిపోయారు.

6. దీపం ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో ఇంట్లో పెద్ద మనిషి చెప్పాలి.

కిరసనాయిలు సీసా అడుక్కొచ్చింది. పిల్లోడు క్షేమంగా వచ్చేదాకా ఈరన్న పటం ముందు దీపం కొండెక్కనియ్యనని మా అత్త మొక్కుకుంది. ఆ దీపానికి పోయే బుడ్డల నూనె తప్ప ఇంట్లో వెలుతురుకు ఇంకేమీ లేదు. శనివారం రాత్రి పొయ్యి మంట వెలుగులోనే రొట్టెలు తడుతూ మా తోడికోడలు పెనం అంచుకు చేయి కాల్చుకుంది. చప్పుడు చేయలేదు గానీ మా అత్తకు తెలిసింది. లేచి, పటం ముందున్న ప్రమిదను రెండు చేతులతో ఎత్తి తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

"మొక్కు అత్తా?" అన్నా.

"ఈరన్నకు చీకట్లో కండ్లు అగుపడతాయి. దానికి అగుపడవు."

ఆదివారం సాయంత్రం ఫోను తెరిచిన పది నిమిషాల్లో మోగింది. పిల్లోడు ఎవరిదో మేడ మీద ఉన్నాడు, బొరుగులు తిని రెండు రోజులు గడిపాడు. ఆ దీపానికీ ఈ ఫోనుకూ నేను ముడి పెట్టను. మా అత్త కూడా ఎప్పుడూ పెట్టలేదు. మంగళవారం వాడు డోన్ దాకా లారీలో వచ్చి, అక్కడి నుంచి ఎట్లో పడి ఇంటికి చేరాడు.

7. చీకట్లో పిల్లలకు దయ్యాల కథలు వద్దు.

పగలు చూపించగల కథ చెప్పాలి. మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు గానీ ఎర్రగుడి బండల గురించి చెప్పాడు. అశోకుడు 2,200 ఏళ్లకు పైబడి కిందట చెక్కించిన మాటలు మనకు ఇంత దగ్గరలో ఉన్నాయని, కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు, ఎద్దులు చాలు తిప్పుకుని దున్నినట్టు రాశారని చెప్పాడు. మన జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అని కొందరు పండితులు అంటారు. అమ్మానాయనల మాట వినమని కూడా ఆ బండ మీద ఉందంటే పిల్లలు నమ్మలేదు, అది నాయన కల్పించాడనుకున్నారు. నిజంగానే ఉంది.

8. వాన వెలిశాక చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయేవాళ్లను ఆపకండి.

వాళ్లు ఆగరు. మా ఇంట్లో మూడు తరాలుగా తల వంచుకుని వెతుకుతున్నారు. ఇప్పటికి మెడనొప్పులు దొరికాయి.

9. కరెంటు వచ్చిన వెంటనే లేవకండి.

ఏడో తేదీ, మళ్లీ బుధవారం, దీపాలు పెట్టే వేళ. మేమిద్దరం రాయి దగ్గరున్నాం. బల్బు ఒకసారి మినుకుమని ఆరి, మళ్లీ వెలిగింది. పిల్లలు వీధిలోకి ఉరికి కేకలేశారు. పై వీధిలో పిండి మిషను చప్పుడు మొదలైంది. సాయిబుల పెద్దాయన కూలిన గోడ చూసుకోవడానికి బయటికి పోయాడు. పొయ్యి గట్టు మీద ప్రమిద బల్బు వెలుగులో వెలిసిపోయినట్టు ఉంది, ఎవరూ ఆర్పలేదు.

నేను చేయి తీయబోయా. నా చేతి మీద ఆమె చేయి అట్లే ఉంది.

"వాయి కానీ అక్కా" అంది.