అరకు నుంచి పొద్దున్నే దిగే బండి

ఎస్.కోట

చిరంజీవి సుధకు,

మొన్న ఫోన్లో నీ ప్రాజెక్టు సంగతి చెప్పావు. కొండలూ కోనలూ ఉన్న దారుల్లో పాసింజరు బళ్ళు ఇంకా ఎక్కడెక్కడ నడపొచ్చో రాయమన్నారట. అరకు లైనుతో మొదలుపెడతాను, అద్దాల పెట్టెలు ఇంకెన్ని తగిలించొచ్చు పెదనాన్నా, అని అడిగావు. ఇరవై రెండేళ్ళు ఆ కొత్తవలస-కిరండూల్ (కేకే) లైను మీద గార్డుగా తిరిగినవాణ్ణి, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చలేకపోయాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. ఆ లైను మనుషుల కోసం వేసింది కాదమ్మా. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపానుకి ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేశారు. మొత్తం 58 సొరంగాలు. బొడ్డవర దాటాక ఘాటు మొదలవుతుంది. అరవై అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, అలా ఎక్కీ ఎక్కీ శిమిలిగుడ దగ్గర 996 మీటర్లకి చేరుతుంది. సింగిల్ లైను మీద ఖనిజం లోడు దిగుతోందంటే పాసింజరు లూపులోకి తప్పుకుని నిలబడాల్సిందే. జనం కిందికి దిగి వేపపుల్లలు విరుచుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ సిగ్నలు కోసం చూసేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. ఈ దారి మనది కాదు, ఖనిజానిది అని వాళ్ళ మనసుల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. నన్ను బాధపెట్టింది అదే.

ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా, సుమారు 189 కి.మీ., రెండో లైను వేస్తున్నారు. అదీ సరుకు కోసమే తలపెట్టినా, పూర్తయ్యాక పాసింజరుకి కాస్త చోటు దొరుకుతుంది. ఆ చోటు ఎవరికివ్వాలని ఇప్పుడే గట్టిగా అడగకపోతే అదీ గూడ్సుతోనే నిండిపోతుంది. నీ రిపోర్టులో రాయాల్సిన అసలు ముక్క ఇదని నా నమ్మకం.

టైంటేబులు ముందు పెట్టుకుని చూడు. కిరండూల్ పాసింజరు విశాఖలో పొద్దున్న ఏడులోపు బయలుదేరి నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. అటు నుంచి దిగే బండి మధ్యాహ్నం దాటాక అరకు వచ్చి, రాత్రికి విశాఖ చేరుతుంది. సిటీ నుంచి వెళ్ళేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున్నే వెళ్ళి, బొర్రా గుహలు గానీ అరకు తోటలు గానీ చూసుకుని, రాత్రికి ఇంట్లో భోంచెయ్యొచ్చు. అదే కరకవలసలో ఉన్న ఒక తల్లి వైపు నుంచి చూడు. బిడ్డకి జ్వరం తగ్గక విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. పగటి బండి ఎక్కితే రాత్రికి దిగుతుంది. ఓపీ చీటీ రాసేది మర్నాడు పొద్దున్న. అంటే ఒక రాత్రి ప్లాట్‌ఫారం మీదే. రాత్రి బండి ఉంది గానీ అది చిన్న స్టేషన్లన్నిటిలోనూ ఆగదు. ఒకే పట్టాలు, ఒకే బండి. సిటీవాళ్ళకి సరిపోయిన టైము కొండమీదవాళ్ళకి సరిపోలేదు. అరకు నుంచి తెల్లవారుజామున బయలుదేరి, ప్రతి స్టేషన్లో ఆగుతూ, తొమ్మిదిలోపు విశాఖ చేరే పాసింజరు ఒకటి అడుగు. సాయంత్రం అదే వెనక్కి వెళ్తుంది. ఘాటుకి మెము పనికొస్తుందా, ఇంజనూ పెట్టెలే పెట్టాలా, బ్రేకు పవరు ఎంత కావాలి అన్నవి ఇంజనీర్లని అడిగి రాయి. ఆ బండి ఎందుకు కావాలో మాత్రం వాళ్ళని కాదు, ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాళ్ళని అడగాలి.

అద్దాల పెట్టెకి నేను వ్యతిరేకిని కాను. 2017 ఏప్రిల్లో మొదటి విస్టాడోమ్ వచ్చినప్పుడు నేనూ మురిసిపోయాను. నలభై కుర్చీలు, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, పైకప్పు కూడా అద్దమే. సొరంగం చీకట్లోంచి ఒక్కసారి లోయలోకి పడ్డప్పుడు పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా అరిచారు. ఆ సంతోషం తక్కువదా? డబ్బిచ్చి చూసేవాళ్ళు రావాలి, ఇంకా రావాలి. ఒకటే షరతు రాయి: అద్దాల పెట్టె కోసం జనరల్ పెట్టె తియ్యకూడదు, ఒక్క హాల్టు కూడా తగ్గించకూడదు.

హాల్టు అంటే ఏమిటో చెబుతాను. సీతాఫలాల కాలం. ఒక చిన్న స్టేషన్లో నిమిషం హాల్టు. ఒకావిడ ఏడు గంపలతో ఉంది, అరకులో అమ్ముకోడానికి. పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆరు గంపలు ఎక్కాయి. ఏడోదాన్ని పదేళ్ళ కూతురు రెండు చేతులా పట్టుకుని లేపుతోంది. నేను గడియారం చూసుకున్నాను, నిమిషం అయింది, పచ్చజెండా ఊపాను. బండి కదిలాక తెలిసింది, పిల్ల కిందే ఉండిపోయిందని. తల్లి తలుపులోంచి చెయ్యి చాపి అరుస్తోంది. పిల్ల ఏడవలేదు, గంప వదల్లేదు, అలాగే నిలబడి చూస్తోంది. ఎర్రజెండా చూపించాల్సింది. ఎక్కుడులో బండి ఆగితే మళ్ళీ కదలడం కష్టమని ఊరుకున్నాను. పై స్టేషన్ నుంచి వెనక్కి ఫోను చేయించాను. సాయంత్రం తల్లి దిగే బండిలో వచ్చేదాకా ఆ పిల్ల గంప పక్కనే కూర్చుందట. ఆ తరవాత నా సర్వీసులో జెండా ఎత్తేముందు గడియారం కంటే ముందు ప్లాట్‌ఫారం చివరిదాకా చూశాను. ఇంకో నిమిషం వల్ల ఏ రైలూ పాడవలేదు.

ఆ ఏడో గంప టికెట్ల అమ్మకం లెక్కల్లో దొరకదు. నువ్వు వెళ్ళి చూస్తేనే దొరుకుతుంది.

కోనసీమ లైను గురించి కూడా అడిగావు. కొండదారి కాకపోయినా దాన్ని తప్పకుండా పెట్టు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేశారు. మళ్ళీ 2004 దాకా లేదు. దానికోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు 2002లోనే పోయారు, ఆ బండిని చూడలేదు. వరిచేల మధ్య రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కి.మీ., ఒంటిపెట్టె రైలుబస్సు వెళ్తుంటే ఊరి బస్సు పట్టాలెక్కినట్టు ఉండేది. అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కి.మీ. లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలూ దాటాలి. ఆ వంతెనల మీంచి గోదారి ఎంత బాగుంటుందో ఎవరైనా రాస్తారు. ఒకసారి పీకిన పట్టాలు తిరిగి రావడానికి అరవై ఏళ్ళు పైన పట్టిందని నువ్వు రాయి. ఉన్న పాసింజరుని నష్టమొస్తోందని ఆపేముందు అధికారులు ఆ లెక్క చూసుకోవాలి.

వలిసె పూలు పూసే రోజుల్లో రా. కొండలన్నీ పసుపు పూసుకుని ఉంటాయి. విస్టాడోమ్‌లో ఒకసారి, జనరల్లో రెండుసార్లు ఎక్కు. నోట్సు బయటికి తియ్యకు, ముందు పక్కవాళ్ళతో మాట్లాడు. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఈ బండి లేకపోతే ఎలా వెళ్తారు, అంతే అడుగు. ఆడవాళ్ళయితే నీతో మనసు విప్పి మాట్లాడతారు, నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

విశాఖలో ఎక్కేటప్పుడు టిఫిను కొనుక్కోకు. బండి ఎనిమిది ప్రాంతంలో ఎస్.కోట వస్తుంది. మీ పెద్దమ్మ దిబ్బరొట్టి చేసి ఇస్తుంది, వెనక జనరల్ పెట్టె దగ్గర నిలబడతాను. ఇక్కడి నుంచి పైకి నేనూ వస్తాను.

మీ పెదనాన్న