లేజర్ అయింది, గండం గడిచినట్టేనా?

ప్రశ్న: మాది పావగడ తాలూకా క్యాతగానచెర్లు. మా అమ్మాయిని బెంగళూరులో ఇచ్చాము. తొలిచూలు. ఒకేలాంటి కవలలని, ఇద్దరికీ ఒకటే మాయ అని చెప్పారు. 19వ వారంలో ఒక బిడ్డకు ఉమ్మనీరు మరీ ఎక్కువై, ఇంకో బిడ్డకు ఎండిపోయిందని కడుపులోనే లేజర్ చేశారు. ఇప్పుడు 23వ వారం. ఇద్దరి గుండెలూ బాగా కొట్టుకుంటున్నాయట. అయినా స్కానింగ్‌కు రమ్మంటూనే ఉన్నారు. ఇన్ని స్కానింగులు బిడ్డలకు చేటు కాదా? ఏడో నెలలో పుట్టింటికి పిలుచుకొచ్చి పావగడలో కాన్పు చేయించాలని మా ఆశ. చేయించొచ్చా? సరిగా తినకనే ఇట్లా అయిందని వాళ్ల అత్తగారు అంటున్నారు, నిజమేనా?

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. ఆ మాట నిజం కాదు. మాయ పంచుకున్న కవలల రక్తనాళాలు దాని మీద ఒకదానితో ఒకటి కలుస్తాయి. చాలామందిలో ఇచ్చిపుచ్చుకోవడం సమంగానే సాగుతుంది. నూటికి పది, పదిహేను మందిలో మాత్రం ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డ వైపే ఎక్కువగా పోతుంది. ఒకే బోరు కింద రెండు మళ్లుంటే ఒకటి ఎండిపోయి, ఇంకొకటి నీళ్లు నిలిచి మురిగినట్టు ఉంటుంది. తల్లి ఏం తిన్నా, తినకపోయినా ఆ నాళాల అల్లిక మారదు. మీ వియ్యపురాలికి ఈ పేజీ చూపించండి.

ఈ జబ్బు ముదిరితే, వైద్యం లేకుండా బిడ్డలు దక్కడం అరుదు. వెనకటికి ఎక్కువైన ఉమ్మనీరు తోడేసేవారు. యూరప్‌లో రెండు పద్ధతులనూ పోల్చి చూసిన అధ్యయనం 2004లో వెలువడింది. కనీసం ఒక బిడ్డయినా నెల దాటి బతికిన కేసులు లేజర్‌తో 76 శాతం, నీరు తోడితే 56 శాతం. కాబట్టి మీవాళ్లు సరైన పనే చేశారు. అయితే లేజర్‌తో పాత ప్రమాదం తగ్గి, కొత్తవి కొన్ని వస్తాయి. ఇన్నిసార్లు స్కానింగ్‌కు పిలుస్తున్నది వాటి కోసమే.

లేజర్‌లో కలిసిన నాళాలను కాల్చి మూసేస్తారు. వెంట్రుకంత సన్ననివి ఒకటి రెండు మిగిలిపోవచ్చు. వాటిగుండా రక్తం కొద్దికొద్దిగా జారి ఒక బిడ్డకు రక్తం పలచబడుతుంది, ఇంకో బిడ్డకు చిక్కబడుతుంది. దీన్ని ట్యాప్స్ అంటారు. ఇందులో ఉమ్మనీరు ఇద్దరికీ మామూలుగానే కనబడొచ్చు, గుండెలూ కొట్టుకుంటూనే ఉంటాయి. డాప్లర్‌తో బిడ్డల మెదడులోని రక్తనాళంలో వేగం కొలిస్తే తప్ప బయటపడదు. ‘గుండె కొట్టుకుంటోంది, బాగుంది’ అని చెప్పి పంపే స్కానింగ్ మీ అమ్మాయికి చాలదు. మాయ అంచు నుంచి అంచు దాకా గీత గీసినట్టు కాల్చే సాలమన్ పద్ధతి వల్ల ఈ బెడద బాగా తగ్గిందని 2014లో తేలింది: ట్యాప్స్ 16 శాతం నుంచి 3 శాతానికి దిగింది. మీ అమ్మాయికి ఏ పద్ధతిలో చేశారో అడిగి తెలుసుకోండి. ఏ పద్ధతైనా రెండు వారాలకొకసారి డాప్లర్ మాత్రం తప్పదు. స్కానింగులో వాడేది శబ్ద తరంగాలే, ఎక్స్‌రే కాదు. చేటని భయపడకండి.

రెండోది ఉమ్మనీటి సంచి. లేజర్ కోసం గొట్టం దూర్చిన చోట చిరుగు పెరిగి, నెలలు నిండకముందే నీరు పోవచ్చు. లేజర్ తర్వాత ఇదే ఎక్కువగా చూస్తాం. బట్ట తడిస్తే మూత్రమేమోలే అని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. అలా ఊరుకోవద్దు. జ్వరం, రక్తం కనబడడం, పొట్ట గట్టిపడి వదులుతుండడం, పొట్ట ఉన్నట్టుండి పెరిగి ఆయాసం రావడం: వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి పోవాలి.

లేజర్ తర్వాత ఒక బిడ్డ దక్కకపోయే సందర్భాలూ ఉన్నాయి. నాళాలు మూసేశారు కాబట్టి అప్పుడు రెండో బిడ్డకు ముప్పు మునుపటంత ఉండదు, అయినా మెదడు పరీక్షలు చేయించాలి.

ఇక కాన్పు సంగతి. లేజర్ అయిన కవలలు సగటున 32, 33 వారాలకే పుడుతున్నారు. అంటే మీరు పుట్టింటికి తేవాలనుకున్న ఏడో నెల దాటీ దాటకముందే కాన్పు రావచ్చు. ఒకేసారి ఇద్దరు నెలతక్కువ పిల్లలకు వెంటిలేటర్లు, ఊపిరితిత్తులకు మందు, పిల్లల డాక్టరు సిద్ధంగా ఉండాలి. ముందే తెలిస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి పిల్లల ఊపిరితిత్తులను బలపరుస్తారు. నొప్పులు మొదలయ్యాక పావగడ నుంచి మధుగిరి మీదుగా బెంగళూరుకు సుమారు 150 కిలోమీటర్లు బండిలో పోవడం నేను ఒప్పుకోను. ఖర్చు భారమైతే బెంగళూరులో ప్రభుత్వ వాణీవిలాస్ ఆసుపత్రి ఉంది, అక్కడ అడగండి.

కాబట్టి ఈసారి ఆనవాయితీని తిరగేయండి. అమ్మాయిని మీ దగ్గరకు తేవొద్దు, మీరే అమ్మాయి దగ్గరకు వెళ్లి ఉండండి. గాజులు వేయించే ముచ్చట అక్కడే తీర్చుకోండి. లేజర్ చేసిన రోజు రిపోర్టు, ప్రతి డాప్లర్ కాగితం, గర్భిణికిచ్చే తాయి కార్డుతో పాటు ఒకే సంచిలో పెట్టి, ఎక్కడికి పోయినా అమ్మాయి వెంట ఉంచండి. కొత్త డాక్టరు ముందుగా అడిగేది వాటినే.