కాటిసీను: స్వగతం ఆగిన చోట

తెలుగునాట పద్యనాటకం మాట వస్తే కాటిసీను ప్రస్తావన రాక తప్పదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) గారి ‘సత్యహరిశ్చంద్రీయము’ పూర్తిగా చూడనివారు కూడా ఆ ఒక్క రంగం కోసం తెల్లవార్లూ కూచుంటారు. మా ఊళ్లో కోతలైపోయాక వేసే నాటకంలో ముందు రంగాలు కుదించినా ఎవరూ అడగరు. కాటిసీను కుదిస్తే మాత్రం ఊరుకోరు.

విషాద నాయకుడి ఆత్మసంఘర్షణ స్వగతంలో బయటపడుతుందని ఇంగ్లీషు క్లాసులో చెబుతారు. నిజమే. డంకన్‌ను చంపబోయే ముందు షేక్‌స్పియర్ మాక్‌బెత్ ఒంటరిగా నిలబడి, చంపకూడదనడానికి కారణాలు లెక్కపెట్టుకుంటాడు. తాను బంధువు, సేవకుడు, పైగా ఆ రాత్రి ఆతిథ్యమిచ్చినవాడు. అవతలి పక్షాన ఉన్నది పదవీకాంక్ష ఒక్కటే. రెండు వాదనలూ ఒకే నోట వింటాం.

ఈ కొలతతో హరిశ్చంద్రుణ్ణి చూద్దాం. భార్యను కాలకౌశికుడికి అమ్మి, తాను వీరబాహుడికి అమ్ముడుపోయి, కాటికాపరిగా అర్ధరాత్రి శ్మశానంలో నిలబడ్డాడు. ప్రదర్శనల్లో అక్కడ మనం వినే పద్యాలు అతని గురించి కంటే చావు గురించే ఎక్కువ చెబుతాయి. అందులో వైరాగ్యం ఉంది గాని, మాట నిలుపుకోవాలా వద్దా అనే పెనుగులాట లేదు.

దీనికి ఒక కారణం ఉంది. ఆ పద్యాల్లో బాగా ప్రసిద్ధమైనవి బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’ లోనివి. నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి. చితి దగ్గర హెచ్చుతగ్గులు లేవని ఆయన అంటే, బతికున్నచోట ఉన్నాయన్న మంట అందులో వినిపిస్తుంది. అంటే ఆ స్వగతంలో సంఘర్షణ లేకపోలేదు, అది కవిది. రాజు కాటికాపరి అయ్యాడు గనక అతని నోట అతికింది. ఈ అతుకు నాకు నచ్చింది కూడాను.

మరి హరిశ్చంద్రుడి సొంత సంఘర్షణ ఏదీ? అది స్వగతం ఆగాక మొదలవుతుంది. పాముకాటుకు పోయిన లోహితాస్యుణ్ణి మోసుకుని చంద్రమతి వస్తుంది. ఎవరో పరాయి స్త్రీ అనుకుని అతను కాటిసుంకం అడుగుతాడు. లేదంటే, మెడలో మంగళసూత్రం ఉందిగా, అమ్మి కట్టమంటాడు. అది భర్త కంటికి తప్ప ఇంకెవరికీ కనబడదు! ఆ మాటతోనే గుర్తుపట్టుకుంటారు. అయినా సుంకం వదలడు, అది యజమాని సొమ్ము గనక. తండ్రి ఏడుస్తుంటే కాటికాపరి చెయ్యి చాపుతున్నాడు. బాకీ కోసం కళ్లం దగ్గర వచ్చి నిలబడే మనిషిని చూసి పెరిగినవాణ్ణి. ఆ మనిషి కూడా ఇంకెవరికో జవాబు చెప్పుకోవాల్సినవాడే. అందుకేనేమో, ఆ చాపిన చెయ్యి చూస్తే నాకు కోపమూ జాలీ రెండూ వస్తాయి.

మంచి నటుడు ఇక్కడ తెలుస్తాడు. రాగం సాగదీసి ‘వన్స్ మోర్’ కొట్టించుకోవడం సాధనతో వస్తుంది. సుంకం అడిగే ఆ పొడి మాటలకు హార్మోనియం ఆగిపోవాలి. మనవాళ్లు చాలామంది తర్వాతి పద్యం కోసం అక్కడే తొందరపడతారు.

చివరికి దేవతలు ప్రత్యక్షమై పిల్లవాణ్ణి బతికిస్తారు గనక ఇది విషాద నాటకం కాదనేవారున్నారు. కానీ చంద్రమతి మీద కత్తి ఎత్తినప్పుడు, వాళ్లొస్తారని అతనికి తెలీదు గదా! ఆ చెయ్యి వణకాలా, వణక్కూడదా? సత్యవ్రతుడి చెయ్యి వణకదని సికింద్రాబాద్‌లో మా హాస్టల్ మిత్రులంటారు. వణకాలనే నేనంటాను.